మహమ్మారి కాలంలో స్వచ్ఛంద సేవ

సేవకు మూలం సామీప్యం. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టాలన్నా, రోగికి మందు తాగించాలన్నా, దుఃఖితులను ఓదార్చాలన్నా మనిషి మనిషిని సమీపించక తప్పదు. గోదావరి లంకసీమలో వేళగాని వేళ వచ్చిన బాటసారులకు సైతం వండి వడ్డించిన డొక్కా సీతమ్మ పేరు తెలుగునాట నేటికీ పూజ్యంగా నిలిచి ఉంది. 1897లో పుణె ప్రాంతాన్ని ప్లేగు వ్యాధి చుట్టుముట్టినప్పుడు సావిత్రీబాయి ఫూలే రోగులకు స్వయంగా సేవ చేశారు. ఆ వ్యాధి తనకూ సోకగా అదే ఏడాది మార్చి 10న కన్నుమూశారు. ఈ ఇద్దరి జీవితాలు వేరైనా ఇద్దరూ చేసిన పని ఒక్కటే. అది ఆపన్నుల చెంతకు చేరడం. 2020లో ప్రపంచాన్ని ఆవరించిన కోవిడ్-19 మహమ్మారి సరిగ్గా ఈ మూలం మీదనే దెబ్బకొట్టింది. దగ్గరకు వెళ్లడమే ప్రమాదమైన రోజుల్లో సేవ ఎలా సాగింది? ఏది నిలిచింది? ఏది కుంగిపోయింది? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడమంటే సేవాధర్మానికి పునాది ఏమిటో తెలుసుకోవడమే.

2020 జనవరి 30న మన దేశంలో మొదటి కోవిడ్ కేసు కేరళలో నమోదైంది. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధిని మహమ్మారిగా పేర్కొన్నది. మార్చి 25 నుంచి దేశమంతటా 21 రోజుల లాక్‌డౌన్ అమలులోకి వచ్చి, విడతలవారీగా మే 31 వరకు కొనసాగింది. రైళ్లు, బస్సులు ఆగిపోయాయి. కర్మాగారాలు, విద్యాలయాలు, దుకాణాలు మూతపడ్డాయి. నెల జీతం గలవారికి ఇది ఇంటిపట్టున ఉండవలసిన కాలమైతే, రెక్కాడితే గాని డొక్కాడని వారికి పొయ్యిలో పిల్లి లేవని కాలమైంది. సాయం కోరేవారి సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. అదే సమయంలో సాయం చేసేవారు గడప దాటలేని స్థితి ఏర్పడింది. అవసరం పెరిగిన క్షణంలోనే శక్తి తరిగిపోవడం ఈ విపత్తు ప్రత్యేకత. తుఫాను, భూకంపం వంటివి ఒక ప్రాంతాన్ని దెబ్బతీస్తే మరొక ప్రాంతం వారు తరలివచ్చి ఆదుకుంటారు. మహమ్మారి మాత్రం ఆదుకోవలసినవారిని, ఆదరువు కోరేవారిని ఒకే గాటన కట్టింది.

సమాజానికి మేలు చేసే ప్రయత్నాలు స్థూలంగా రెండు విధాలు. ప్రతిఫలం ఆశించకుండా తమ కాలాన్ని, శ్రమను, కొన్నిసార్లు రక్తాన్ని అర్పించేది స్వచ్ఛంద సేవ. వస్తువులనో సేవలనో విక్రయించి, వచ్చిన ఆదాయంతో పేదల జీవనోపాధికో, వైద్యానికో, విద్యకో తోడ్పడేవి సామాజిక వ్యాపార సంస్థలు. లాభం వీటికి సాధనమే గాని లక్ష్యం కాదు. మహమ్మారి ఈ రెండింటినీ వేర్వేరు రీతుల్లో పరీక్షించింది.

మొదట స్వచ్ఛంద సేవను పరిశీలిద్దాం. రక్తదానం ఇందుకు చక్కని ఉదాహరణ. రక్తనిధులకు చేరే రక్తంలో ఎక్కువ భాగం కళాశాలల్లో, కార్యాలయాల్లో నిర్వహించే శిబిరాల ద్వారానే లభిస్తుంది. అవి మూతపడగానే శిబిరాలు ఆగిపోయాయి. కాని రక్తం అవసరం ఆగలేదు. తలసేమియా వ్యాధిగ్రస్తులైన పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించవలసి ఉంటుంది. రక్తాన్ని ధాన్యంలాగా ఏడాది పొడవునా నిల్వ చేయడం సాధ్యం కాదు. అందులోని ప్లేట్‌లెట్లు సుమారు ఐదు రోజులకు మించి పనికిరావు. అందువల్ల దాతల రాక కొద్ది వారాలు ఆగినా రక్తనిధులు అడుగంటుతాయి. 2021లో టీకాలు మొదలైనప్పుడు మరొక చిక్కు ఎదురైంది. టీకా వేయించుకున్నవారు 28 రోజుల వరకు రక్తం ఇవ్వరాదని తొలుత నిబంధన ఉండేది. యువకులంతా టీకాలకు బారులు తీరితే రక్తదాతలు కరవవుతారని గ్రహించి, అదే ఏడాది మే నెలలో ఆ గడువును 14 రోజులకు తగ్గించారు. ఈలోగా అనేక ప్రాంతాల్లో యువకులు టీకాకు ముందే రక్తం ఇచ్చి రావాలని ఒకరినొకరు ప్రోత్సహించుకొన్నారు.

సేవకుల వయస్సు కూడా సమస్య అయింది. ఉద్యోగ విరమణ చేసినవారు అనేక సేవాసంస్థలకు వెన్నెముక వంటివారు. 65 ఏళ్లు పైబడినవారు ఇల్లు కదలరాదని ప్రభుత్వం సూచించడంతో వారి అనుభవం అక్కరకు రాకుండా పోయింది. 1969 సెప్టెంబరు 24న ప్రారంభమై తరతరాల విద్యార్థులకు సేవను అలవరచిన జాతీయ సేవా పథకానికి గ్రామ శిబిరాలే ఊపిరి. విద్యాలయాలు మూతపడ్డాక ఆ శిబిరాలు నడిచే వీలు లేకపోయింది.

అయితే సేవాభిలాష తగ్గలేదు. నిజానికి అది ఉప్పొంగింది. బ్రిటన్ అనుభవం ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. అక్కడి జాతీయ ఆరోగ్య సేవా వ్యవస్థ 2020 మార్చి 24న రెండున్నర లక్షల మంది స్వచ్ఛంద సేవకులు కావాలని పిలుపునిచ్చింది. కొద్ది రోజుల్లోనే ఏడున్నర లక్షల మంది ముందుకు వచ్చారు. నమోదును తాత్కాలికంగా నిలిపివేయవలసి వచ్చింది. కాని వారిలో చాలామందికి వారాల తరబడి చేయడానికి పని దొరకలేదు. సాయం చేయదలచినవారు ఒకవైపు, సాయం కావలసినవారు మరొకవైపు ఉన్నా వారిని కలిపే వంతెన అంత త్వరగా నిర్మాణం కాలేదు. అదే సమయంలో వీధివీధినా ఇరుగుపొరుగువారు ఏర్పరచుకొన్న చిన్న చిన్న బృందాలు వృద్ధుల ఇళ్లకు సరకులు, మందులు చేర్చగలిగాయి. ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉన్నారో వారికి ముందే తెలుసు. మంచి మనసు అవసరమే. కాని అది సరైన గడపకు చేరడానికి పరిచయం, వ్యవస్థ కూడా అంతే అవసరం.

మన దేశంలో ఈ సత్యాన్ని మహిళా సంఘాలు నిరూపించాయి. తెలుగునాట వీటి వెనుక సుదీర్ఘ చరిత్ర ఉంది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై విస్తరించిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత ఆ జిల్లా మహిళలు పొదుపు సంఘాలుగా ఏర్పడ్డారు. 2000 సంవత్సరంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పాటైన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఇటువంటి సంఘాలను గ్రామ, మండల సమాఖ్యలుగా బలపరచింది. నెలనెలా కూర్చుని లెక్కలు చూసుకోవడం, ఒకరి అప్పుకు మరొకరు హామీ ఉండటం వారికి అలవాటైన పని. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రజలందరికీ మనిషికి మూడు చొప్పున సుమారు 16 కోట్ల మాస్కులు పంచాలని నిర్ణయించినప్పుడు వాటిని కుట్టే పని ఈ సంఘాల సభ్యులకే అప్పగించింది. ఉపాధి కోల్పోయిన ఇళ్లకు ఆ కుట్టుకూలి ఆసరా అయింది. కేరళలో 1998లో ప్రారంభమైన కుటుంబశ్రీ మహిళలు స్థానిక సంస్థలతో కలిసి సామూహిక వంటశాలలు నడిపారు. తర్వాత 20 రూపాయలకే భోజనం పెట్టే భోజనశాలలను నెలకొల్పారు. ఇవి ఒక్కరాత్రిలో పుట్టుకొచ్చిన శక్తులు కావు. ఏళ్ల తరబడి అల్లుకున్న నమ్మకం ఆపదవేళ అక్కరకు వచ్చింది.

పాఠశాల పిల్లలకు మధ్యాహ్న భోజనం అందించే అక్షయపాత్ర సంస్థ అనుభవం కూడా ఇటువంటిదే. బడులు మూతపడి వంటశాలలకు పని లేకుండా పోయినప్పుడు ఆ వంటశాలలే వలస కార్మికులకు, నిరుపేదలకు అన్నం వండాయి. సొంత ఊళ్లకు కాలినడకన బయలుదేరిన కార్మికులకు రహదారుల వెంట ఎందరో అజ్ఞాత సేవకులు అన్నం, మజ్జిగ, చెప్పులు అందించారు. 2020 మే 1న తెలంగాణలోని లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు మొదటి శ్రామిక రైలు కదిలింది. అంతవరకు దారి పొడవునా ఆ నడకకు తోడు నిలిచింది ఎక్కువగా ఇటువంటి సామాన్యులే.

ఇక సామాజిక వ్యాపార సంస్థల కష్టం మరొక రకమైనది. 1976లో మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి స్థాపించిన అరవింద్ కంటి ఆసుపత్రి, 1987లో హైదరాబాదులో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ప్రపంచ ప్రఖ్యాతి పొందినవి. చెల్లించగలిగినవారి నుంచి వచ్చే ఆదాయంతో చెల్లించలేని వారికి ఉచితంగా చికిత్స చేయడం వీటి విధానం. లాక్‌డౌన్ కాలంలో అత్యవసరం కాని శస్త్రచికిత్సలు వాయిదా పడ్డాయి. చెల్లించే రోగులూ రాలేదు. గ్రామాల్లో కంటి పరీక్షా శిబిరాలూ జరగలేదు. అంటే ఆదాయమార్గం, సేవామార్గం రెండూ ఒకేసారి మూసుకుపోయాయి. శుక్లాలతో చూపు మసకబారిన వృద్ధులకు ఈ వాయిదా అంటే మరికొన్ని నెలల చీకటి. దూరవాణి, అంతర్జాలం ద్వారా వైద్య సలహా ఇచ్చే పద్ధతి ఆ రోజుల్లో విస్తరించింది. అయితే సలహా దూరం నుంచి ఇవ్వవచ్చు గాని శస్త్రచికిత్స చేయలేరు కదా!

చేనేత సహకార సంఘాల పరిస్థితి మరింత దయనీయమైంది. పెళ్లిళ్లతో, ప్రదర్శనలతో అమ్మకాలు జోరుగా సాగవలసిన వేసవిలో బజార్లు మూతపడ్డాయి. నేసిన చీరలు బీరువాల్లో పేరుకుపోయాయి. నూలు రాక ఆగింది. సంఘం సరకు అమ్ముకుంటేనే నేతకారుడికి కూలి అందుతుంది, మళ్లీ పడుగు వేయడానికి పెట్టుబడి లభిస్తుంది. ఈ చక్రంలో ఒక ఆకు విరిగితే మొత్తం ఆగిపోతుంది. విరాళాలతో నడిచే సంస్థ దాతను అర్థించవచ్చు. పూర్తిగా లాభాపేక్షతో నడిచే పెద్ద సంస్థకు నిల్వధనం ఉంటుంది. సామాజిక వ్యాపార సంస్థకు ఈ రెండు అండలూ బలహీనమే.

నిధుల ప్రవాహంలోనూ మార్పు వచ్చింది. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం నిర్దిష్ట స్థాయికి మించిన సంస్థలు తమ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. 2020 మార్చిలో ఏర్పడిన పి.ఎం. కేర్స్ నిధికి ఇచ్చే విరాళాలను కూడా ఈ ఖర్చు కింద లెక్కించడానికి అనుమతి లభించింది. సహజంగానే చాలా నిధులు కోవిడ్ సహాయం వైపు మళ్లాయి. ఆ మేరకు వికలాంగుల శిక్షణ, బాలల విద్య వంటి నిత్యకార్యక్రమాలు వెనుకబడ్డాయి. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం, ఒక సంస్థ పొందిన విదేశీ నిధులను మరొక సంస్థకు బదిలీ చేయడం నిషిద్ధమైంది. పరిపాలనా వ్యయ పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. నిధుల వినియోగంలో పారదర్శకత కోసమే ఈ సవరణ అని ప్రభుత్వం పేర్కొన్నది. అయితే పెద్ద సంస్థల ద్వారా నిధులు పొందే గ్రామీణ చిన్న సంస్థలకు ఆ దారి మూసుకుపోయింది.

2021 ఏప్రిల్, మే నెలల్లో రెండవ విడత విజృంభణ సేవకు కొత్త రూపాలు ఇచ్చింది. ప్రాణవాయువు కోసం జనం అల్లాడుతున్నప్పుడు ఢిల్లీ సమీపంలోని ఇందిరాపురం గురుద్వారా ఆవరణలో ప్రాణవాయు లంగరు వెలసింది. అన్నదానానికి పేరెన్నికగన్న సంప్రదాయం ఊపిరి దానానికి విస్తరించింది. మరోవైపు కళాశాల విద్యార్థులు ఇళ్లలో కూర్చునే, ఏ ఆసుపత్రిలో పడక ఖాళీగా ఉందో, ఏ దుకాణంలో మందు దొరుకుతుందో ఫోను చేసి నిర్ధారించి అవసరమైన వారికి చేరవేశారు. తప్పుడు సమాచారం ప్రాణం తీయగల సమయంలో సమాచారాన్ని సరిచూడటమే గొప్ప సేవ అయింది. అయినవాళ్లు రాలేని చోట అపరిచితులే అంత్యక్రియలు జరిపిన ఘట్టాలు కులమతాలకు అతీతమైన మానవత్వానికి సాక్ష్యాలు.

ఇక్కడ ఆలోచించదగిన అంశం మరొకటి ఉంది. ఇంటింటికీ తిరిగి రోగలక్షణాలు గల వారిని గుర్తించిన ఆశా కార్యకర్తలను ప్రభుత్వ పరిభాషలో స్వచ్ఛంద సేవకులుగానే పరిగణిస్తారు. వారికి అందేది జీతం కాదు, ప్రోత్సాహక పారితోషికం. రక్షణ సామగ్రి, న్యాయమైన వేతనం కోరుతూ 2020 ఆగస్టులో వారు సమ్మె చేశారు. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలోని ఆశా కార్యకర్తలందరినీ అంతర్జాతీయ పురస్కారంతో గౌరవించింది. సన్మానం సముచితమే. కాని ప్రాణాపాయాన్ని నిత్యం ఎదుర్కొనే శ్రమకు సేవ అని పేరుపెట్టి, దాని భారాన్ని పేద మహిళల భుజాలపై వదిలివేయడం ఎంతవరకు న్యాయమన్న ప్రశ్నకు పురస్కారం సమాధానం కాజాలదు.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యయిక స్థితి ముగిసిందని ప్రకటించింది. ఆపద్వేళ ఏర్పడిన బృందాలలో చాలా వరకు అంతకుముందే విడిపోయాయి. అది తప్పు కాదు. వరద తీశాక పడవలు ఒడ్డు చేరడం సహజం. కాని మరుసటి వరదకు ఆ పడవలు పనికివచ్చే స్థితిలో ఉండాలి. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడం తెలివి కాదని పెద్దలు చెప్పిన మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. పొదుపు సంఘం, సహకార సంఘం, రక్తదాతల పట్టిక, వీధిలోని ఒంటరి వృద్ధుల వివరాలు తెలిసిన నలుగురు యువకులు, ఇవన్నీ ముందుగా తవ్వి ఉంచుకోవలసిన బావులు. పద్దెనిమిదేళ్లు నిండిన ఆరోగ్యవంతులైన యువతీయువకులు రక్తదాతలుగా పేరు నమోదు చేసుకోవచ్చు. అంతకంటే చిన్నవారు తమ వాడలో ఎవరికి ఏ అవసరం ఉందో తెలుసుకొని ఉండవచ్చు. మహమ్మారి మనుషుల మధ్య దూరాన్ని విధించింది. ఆ దూరాన్ని దాటగలిగినవి, అంతకుముందే దగ్గరగా ఉన్న చేతులు మాత్రమే.