లక్షలొస్తాయని చెప్పి బీరువాలో అర అడగకండి

వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ళ, 786తో ముగిసే నోటు, ట్రాక్టర్ బొమ్మ ఉన్న పాత ఐదు రూపాయల నోటు... వీటిలో ఏ ఒక్కటి దగ్గరున్నా లక్షలు ఇంటికొచ్చి పడతాయని చెప్పే వీడియోలకు అంతే లేదు. హైదరాబాద్ పాతబస్తీలోని ఛత్రినాక, లాల్‌దర్వాజ, గౌలిపురా గల్లీల్లో ఈ పుకారు జేబుతో పాటు కాపురాన్నీ కొరుకుతోంది. రెండు గదుల పోర్షన్, ఉన్నది ఒకటే బీరువా. అందులో సగం నాణేల డబ్బాలకే పోతుంది. "నా చీరలు యాడ పెట్టుకోవాలె?" అని భార్య అడుగుతుంది. "జర ఆగు, ఇవి అమ్మితే ఇల్లే కొనొచ్చు" అని భర్త జవాబు. ఏళ్ళు గడుస్తాయి. ఇల్లు రాదు, బీరువా ఖాళీ కాదు, ఆయన మాట మీద ఆవిడకు నమ్మకం మాత్రం పోతుంది.

మొదట ఆ వైష్ణోదేవి బిళ్ళ సంగతి. శ్రీ మాతా వైష్ణోదేవి ఆలయ బోర్డు రజతోత్సవానికి 2012లో భారత ప్రభుత్వమే విడుదల చేసిన బిళ్ళ అది. జనం చేతుల్లో తిరగడానికే వదిలారు. కిరాణా కొట్టులో చిల్లర కింద వచ్చిన బిళ్ళ అరుదైనదెలా అవుతుంది?

786 నోటుకు లెక్క ఇంకా సులువు. మన నోట్ల మీద అక్షరాల పక్కన ఆరు అంకెల నంబరు ఉంటుంది. ఒక్కో వరుసలో దాదాపు పది లక్షల నోట్లు. ప్రతి వెయ్యి నోట్లలో ఒకటి 786తో ముగిసి తీరాలి. అంటే ఒక్క వరుసలోనే అలాంటివి వెయ్యి. ఆ వరుసలెన్నో, ఎన్ని ఏళ్ళుగా అచ్చవుతున్నాయో ఆలోచించండి. ఆ అంకె మీద భక్తితో దాచుకునేవారి నమ్మకాన్ని గౌరవించాల్సిందే. భక్తి వేరు, బజారు ధర వేరు. ముందు మూడు సున్నాలుండి 000786 అని ఉంటేనో, 786786 అని ఉంటేనో ముఖవిలువ కన్నా ఎక్కువిచ్చి కొనే సరదా మనుషులు దొరకవచ్చు. అంతవరకు ఒప్పుకుంటాను. ఆ ముక్క పట్టుకుని లక్షల దాకా పోవద్దు.

"ఆన్‌లైన్‌లో ఎనిమిది లక్షలని పెట్టారు కదా" అంటారు. పెట్టినవాడు అడిగిన ధర అది. ఎవరైనా ఆ ధరకు కొన్నారా అన్నదే ప్రశ్న. నాణేనికి ధర తెచ్చేవి మూడు: ఎన్ని మిగిలాయి, ఎంత చెక్కుచెదరకుండా ఉంది, కావాలనుకునేవారు ఎంతమంది. వయసు ఒక్కటే చాలదు.

అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. వీడియో కింద ఇచ్చిన నంబరుకు ఫొటో పంపగానే "మీ నోటు ఖరారైంది" అని జవాబొస్తుంది. ముందు రిజిస్ట్రేషన్ ఫీజంటారు. కట్టాక జీఎస్టీ అంటారు. చివరికి రిజర్వ్ బ్యాంకు ముద్రతో ఒక కాగితం పంపి, క్లియరెన్స్ చార్జీ అడుగుతారు. ఇలా తమ పేరు వాడుకుని పాత నోట్లు, నాణేల మీద కమీషన్లు, పన్నులు గుంజుతున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. తాము అలాంటి లావాదేవీలు చేయమని, వాటికి ఏ చార్జీలూ అడగమని తేల్చి చెప్పింది. ఒకవేళ ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే పరువు పోతుందని ఇంట్లో దాచకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బును దారిలోనే ఆపే వీలు అంత ఎక్కువ.

మిగతా అపోహలు త్వరగా తేల్చేద్దాం. చింతపండుతో తోమితే విలువ పెరుగుతుందనుకోవడం తప్పు, తోమిన నాణెం ధర పడిపోతుంది. పది రూపాయల బిళ్ళ చెల్లదన్నది అబద్ధం, అప్పటిదాకా వచ్చిన పద్నాలుగు రకాలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లోనే చెప్పింది. పాత నాణేలుంటే ఇంటికి దరిద్రమన్న మాటకు జవాబు కూడా అక్కర్లేదు.

"పాత నోట్లు ఇంట్లో ఉంటే కేసవుతుంది" అన్న ఇల్లాలి భయాన్ని మాత్రం కొట్టిపారేయలేం. రద్దయిన 500, 1000 నోట్ల విషయంలో అది నిజమే. 2017 చట్టం ప్రకారం అవి రెండూ కలిపి పదికి మించి ఉండకూడదు. నాణేల, నోట్ల అధ్యయనం కోసమైతే 25 దాకా ఉంచుకోవచ్చు. దాటితే జరిమానా. సజ్జ మీద కట్ట ఏదైనా ఉంటే ఈ వారమే దించి లెక్కపెట్టండి.

ఇక ఎక్కువ కోపం తెప్పించే అపోహ: "ఆడవాళ్ళకు సేకరణ విలువ తెలియదు." మన పాతబస్తీ నాణేల చరిత్రే దీనికి జవాబు. ఛత్రినాకకు దగ్గర్లోని సుల్తాన్‌షాహీలో 1803లో నిజాం సికందర్ జా కాలంలో టంకశాల వెలసింది. 1903లో అది సైఫాబాద్‌కు మారింది. దాదాపు ఆ రోజుల్లోనే, మహబూబ్ అలీ ఖాన్ హయాంలో, రూపాయి మీదికి చార్మినార్ వచ్చింది. నిజాం రాజ్యం సొంత నాణేలైన ఆ హాలీ సిక్కా వెండి రూపాయలు ఇవాళ పాతబస్తీ ఇళ్ళలో మిగిలాయంటే, అత్తల నుంచి కోడళ్ళకు, తల్లుల నుంచి కూతుళ్ళకు పెట్టెల్లో చేతులు మారినందువల్ల కూడా. పుట్టింటి నుంచి తెచ్చుకున్నవైతే అవి ఆవిడ స్త్రీధనం. వాటిని "నా కలెక్షన్" అనే హక్కు ఆయనకు లేదు. చిత్రకారులైన జగదీశ్, కమలా మిత్తల్ దంపతులు కలిసి సేకరించిన కళాఖండాలతోనే 1976లో మన హైదరాబాద్‌లో వాళ్ళ మ్యూజియం ట్రస్టు ఏర్పడింది. ఆ పేరులో ఇద్దరూ ఉన్నారు.

కాబట్టి అర కోసం భార్యతో బేరం నిజాలతో మొదలుపెట్టండి. "ఇవంటే నాకు ఇష్టం, ధర పెద్దగా రాదు, ఒక అర చాలు" అని చెప్పండి. నిజంగా ఒక అర చాలు కూడా. చార్మినార్ రూపాయి బరువు పదకొండు గ్రాముల పైచిలుకు, వంద కలిపినా కిలోకు కాస్త ఎక్కువ, అంతే. ఆల్బమ్‌లో పెడితే రెండు లావుపాటి పుస్తకాలంత చోటు పడుతుంది. బీరువాను మింగేది లక్షలొస్తాయని డబ్బాల్లో పోగేసిన ఐదు, పది రూపాయల బిళ్ళలు. రకానికొకటి ఉంచుకుని మిగతావి బ్యాంకులో వేయండి. ఖాళీ అయిన అరలు ఆవిడవి.

ఆ ఒక్క అర కింది అర కాకూడదు. 2020 అక్టోబరు వానల్లో ఛత్రినాక ఇళ్ళలోకి నీళ్ళొచ్చిన సంగతి మరిచిపోయేది కాదు. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, కొన్నేళ్ళకు రాగి, వెండి నాణేల మీద పచ్చటి జిగురు పడుతుంది. వంటింటి ఆవిరి తగిలే గోడా వద్దు. నోటుబుక్కులో ఏ నాణెం ఎప్పుడు, ఎంతకు కొన్నారో, నమ్మకంగా కొనే దుకాణం ఏదో రాసి, ఆ పుస్తకం ఎక్కడుందో ఆవిడకు చెప్పండి. రేపు మీకేదైనా అయితే ఆవిడ వాటిని తూకానికి అమ్ముకోవాల్సిన పని ఉండదు.