కోతుల దారి: మేత ఎక్కడో, నీళ్లెక్కడో

పొద్దున ఆరు గంటలకు మక్క చేను గట్టు మీద నిలబడి చూడండి. ఊరి చివర చింతచెట్టు మీద రాత్రి పడుకున్న మంద ఒక్కొక్కటే దిగుతుంది. ముందుగా ఒక పెద్ద కోతి వచ్చి కంచె మీద కూర్చుంటుంది. మీ చేతిలో వడిసెల ఉందా లేదా అని చూసుకుంటుంది. మీరు చాయ తాగి వచ్చేలోగా రెండు సాళ్ల కంకులు ఒలిచి ఉంటాయి. తిన్నది కొంచెం, కొరికి పారేసింది ఎక్కువ.

నిర్మల్ వైపు ఎకరంన్నర చెల్క ఉన్న ఒక రైతు నాతో ఇట్ల అన్నాడు: “మక్క పెట్టుడు బందు చేసిన సారూ. పల్లి అంతకుముందే బందు. ఇగ మిగిలింది పత్తే. నా చేన్ల ఏం పెట్టాల్నో కోతే చెప్తున్నది.” ఇది ఆయన ఒక్కని గోడు కాదని మీకు నేను చెప్పనక్కరలేదు.

కోతిని తిట్టుకునే ముందు దాని కడుపు సంగతి కొంత తెలుసుకుందాం. తెలిస్తే అది ఏ దారిన వస్తుందో, ఎందుకు వస్తుందో తెలుస్తుంది.

మన ఊళ్లలో తిరిగేవి ముఖ్యంగా రెండు రకాలు. నెత్తి మీద టోపీ పెట్టినట్టు వెంట్రుకలు, పొడుగు తోక ఉంటే అది దక్షిణాది కోతి. తోక పొట్టిగా, వెనక భాగం ఎర్రగా ఉంటే ఉత్తరాది కోతి. రెండింటికీ దవడల లోపల సంచులుంటాయి. గింజలు గబగబా సంచుల్లో కుక్కుకొని చెట్టెక్కి తీరుబడిగా నములుతాయి. అందుకే చేనులో అవి ఉండేది కొద్దిసేపే, నష్టం మాత్రం అంతింత కాదు.

కొండముచ్చు వేరు. దానికి దవడ సంచులు లేవు. దాని పొట్ట అరలు అరలుగా ఉంటుంది. అందులో సూక్ష్మజీవులు ఆకును పులియబెట్టి అరిగిస్తాయి. నెమరు వేయదు గానీ పద్ధతి మన బర్రె పొట్ట లాంటిదే. బర్రె తాడు తెంపుకొని వడ్ల బస్తా మీద పడితే ఏమవుతుందో మీకు తెలుసు. పొట్టలో పులుపు పెరిగి, ఉబ్బి, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. కొండముచ్చుకు బ్రెడ్డు, తీపి పండ్లు అలవాటు చేసినా అదే ప్రమాదం. మామూలు కోతులను బెదిరించడానికి దాన్ని తెచ్చి కట్టేసేవారున్నారు. దానికి అది హింస, మీకు 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు.

అడవి మేతలో పీచు ఎక్కువ. ఆ పీచును అరిగించే సూక్ష్మజీవులు పేగుల్లో రకరకాలుగా ఉంటాయి. మేత మారితే అవీ మారిపోతాయి. ఆకులు తిని బతికే డౌక్ అనే వియత్నాం కోతుల మీద, అమెరికా ఖండంలోని హౌలర్ కోతుల మీద 2016లో ఒక పరిశోధన వెలువడింది. బోనులో పెట్టి సాకిన వాటి పేగుల్లో అడవి సూక్ష్మజీవులు తగ్గి, మనిషి పేగుల్లో ఉండే రకాలు పెరిగాయని అందులో తేలింది. కెన్యాలోని అంబోసెలిలో బబూన్ కోతుల మంద ఒకటి టూరిస్టు హోటలు చెత్తకుప్పకు అలవాటు పడింది. దాని నడక తగ్గింది, ఒళ్లు పెరిగింది, రక్తంలో కొవ్వు కూడా పెరిగింది. పక్కనే అడవిలో మేత వెతుక్కునే మందలు అట్లా కాలేదు. కూర్చున్న చోటికే తిండి వస్తే కోతి నడవదు. కడుపు నిండిన ఆడకోతి తొందరగా ఈనుతుంది, ఈతకూ ఈతకూ ఎడం తగ్గుతుంది.

ఈ తిండి పెడుతున్నది ఎవరు? నేనూ ఒకణ్ని. మహబూబ్ ఘాట్ మీద బస్సు ఆగినప్పుడల్లా పుణ్యమని అరటిపండ్లు విసిరినవాణ్ని. ఆ పుణ్యం కింద ఊళ్ల రైతులకు ఎంత పడిందో తర్వాత తెలిసింది.

ఇక నీళ్లు. కొండముచ్చుకు లేత ఆకుల్లోనే కొంత తేమ దొరుకుతుంది. గింజలు, ఎండు మేత తినే కోతికి ఎండకాలం నీళ్లు తప్పవు. అడవిలో వాగులు, చెలిమెలు ఎండగానే మంద కుంటకు, బోరు తొట్టికి, పశువుల గోలెం దగ్గరికి దిగుతుంది. అక్కడే చేను ఉంటే మేత, నీళ్లు రెండూ ఒకే చోట దొరికినట్టు. ఒకే చోట రోజుల తరబడి ఉంటే పెంట అక్కడే, నీళ్లూ అక్కడే, పురుగుల గుడ్లు ఒకదాని నుంచి ఇంకోదానికి పాకుతాయి. అందుకని కోతులు దిగే తొట్టి నీళ్లలో కూరగాయలు కడగకండి, పిల్లలను తాగనివ్వకండి. తొట్టిని వారానికోసారి ఖాళీ చేసి కడగండి.

కావలి ఎప్పుడు, ఎక్కడ? నాలుగు రోజులు మంద వెంట చూపు పెట్టండి. రాత్రి పడుకునే చెట్టు ఏదో, నీళ్లు తాగే చోటు ఏదో తెలిస్తే ఆ రెండింటి మధ్యనే దారి. మీ చేను ఆ దారిలో ఉంటే చెట్ల వైపు గట్టునే మనిషి ఉండాలి. పొద్దుగాల, సాయంత్రం రెండు పూటలూ తప్పవు. గట్టు మీద చెట్టు కొమ్మ కంచె లోపలికి వంగి ఉంటే కొట్టేయండి, అదే దాని నిచ్చెన. ఆ వైపు సాళ్లలో ఆముదమో పసుపో పెట్టుకోవడం మేలు. వాటిని కోతులు అంతగా ముట్టవని రైతుల మాట. కోసిన కంకులు, కుళ్లిన కూరగాయలు గట్టున పోయవద్దు.

పట్టి అడవిలో వదిలితే పోదా అంటారా? అక్కడ మేత, నీళ్లు లేకపోతే పక్క ఊరి మీద పడతాయి. నిర్మల్ దగ్గర 2020 డిసెంబరులో మొదలైన కేంద్రంలో కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు మొదలుపెట్టారు. ఒక్కో ఊరు ఒంటరిగా అడగకుండా నాలుగు ఊళ్లు కలిసి అర్జీ ఇస్తే మంచిది.

అడవి మేతలో మర్రి, రావి, మేడి ముఖ్యం. ఈ జాతి చెట్లన్నీ ఒకేసారి కాయవు. ఒకటి కాసి అయిపోయేసరికి ఇంకోటి కాయడం మొదలవుతుంది, ఎండకాలంలో కూడా. రోడ్లు వెడల్పు చేసినప్పుడు పోయినవి ఎక్కువగా ఈ చెట్లే. మృగశిర కార్తెలో వానలు పడగానే చేయి మందం మర్రి, రావి కొమ్మలు నాటితే అంటుకుంటాయి. ఊరికి దూరంగా, గుట్ట పక్క, నీళ్లు నిలిచే చోట నాటండి, చేని గట్టున వద్దు. కాపుకు ఏండ్లు పడుతుంది. పైన చెప్పిన రైతు నిరుడు గుట్ట కింద పది కొమ్మలు పాతాడు. ఆరు చిగురు వేశాయి. రెండింటిని మేకలు తిన్నాయి. మిగిలిన నాలుగింటికి ముండ్లకంప కట్టాడు.