అదృష్టమా, సామర్థ్యమా?
(కారు పందెముల వాదమునుండి తల్లిదండ్రులు గ్రహింపదగినది)

కార్యసిద్ధికి దైవబలము ముఖ్యమా, పురుషకారము ముఖ్యమా యను ప్రశ్న మన పెద్దలకు చిరపరిచితమైనదే. ఆ ప్రశ్ననే నేటి మన బాలురు కారు పందెముల విషయమున వేసికొనుచున్నారు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో మన చింతాద్రిపేటకు కొలదిదూరముననే, ఐలాండు గ్రౌండ్సు చుట్టునున్న వీధులలో, సుమారు మూడున్నర కిలోమీటర్ల బాటపై రాత్రివేళ దీపకాంతిలో పందెములు జరిగినవి. 2023 డిసెంబరులో జరుగవలసిన ఆ పందెములు తుపాను కారణమున వాయిదాపడినవి. అవి జరిగిన తరువాత ఈ పేటలో కారు పందెముల ప్రసంగము మరింత పెరిగినది.

చెన్నపట్టణమునకు ఈ క్రీడ క్రొత్తది కాదు. మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బు 1953లో ఏర్పడినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమునాటి షోలవరం విమానపు బాటపై ఏండ్ల తరబడి పందెములు జరిగినవి. 1990లో శ్రీపెరుంబుదూరు సమీపమున ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకమైన పందెపు బాట ప్రారంభమైనది.

ఈ వాతావరణమునుండి పైకివచ్చినవారిలో శ్రీ నరైన్ కార్తికేయన్ అగ్రగణ్యుడు. ఆయన 1977లో జన్మించెను. తండ్రి కోయంబత్తూరుకు చెందిన ర్యాలీ చోదకుడు. ఆయన 1996లో ఫార్ములా ఆసియా పోటీలలో ప్రథముడై, 2005లో జోర్డాన్ బృందమున చేరి, ఫార్ములా వన్ పందెములలో పాల్గొనిన మొదటి భారతీయుడయ్యెను. ఆయనను గూర్చి అభిమానులలో నాటినుండి నేటివరకు వాదము తెగలేదు. ఒక పక్షమువారు ‘ఆయనకు సామర్థ్యమున్నది, తగిన కారు దొరకలేదు’ అందురు. రెండవ పక్షమువారు ‘దొరికిన పేరంతయు అదృష్టమువలన వచ్చినదే’ అందురు. ఇరువురును సాక్ష్యముగా చూపునది ఒకే పందెము!

అది 2005 జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున జరిగినది. అచ్చటి చివరి మలుపు ఏటవాలుగానుండి, కార్లు మిక్కిలి వేగముతో పోవు చోటు. అచ్చట టైర్లపై పడు ఒత్తిడి చాల ఎక్కువ. సాధన సమయముననే ఒక మిషెలిన్ టైరు దెబ్బతిని కారు గోడను ఢీకొన్నది. ఆ యేటి నియమము ప్రకారము పందెము మధ్యలో మామూలుగా టైర్లు మార్చుకొనరాదు. తమ టైర్లు ఆ మలుపున పందెమంతయు నిలువజాలవని మిషెలిన్ సంస్థయే చెప్పినది. మలుపు వేగమును తగ్గించుటకు బాటను సవరింపవలెనను కోర్కె నెరవేరలేదు. తుదకు 20 కార్లలో 14 కార్లు పందెము మొదలుకాకముందే తొలగిపోయినవి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లుగల ఆరు కార్లు మాత్రమే పరుగెత్తినవి. మైఖేల్ షుమాకర్, బారికెల్లో, మొంటీరోల తరువాత కార్తికేయన్ నాలుగవవాడుగా గమ్యము చేరి 5 పాయింట్లు సంపాదించెను.

దీనిలో అదృష్టమెంత? పదునాలుగు కార్లు తొలగిపోవుట ఆయన చేతిలోని పని కాదు. అదియే లేనిచో ఆ పాయింట్లు వచ్చెడివి కావని నిష్పక్షపాతముగా ఒప్పుకొనవలెను. కాని మిగిలిన ఆరు స్థానములలో ఎవరికి ఏది దక్కవలెనో నిర్ణయించుటకు మాత్రము పందెము నడువవలసియేయుండెను. ముందున్న రెండు ఫెరారీ కార్లను అందుకొనుట జోర్డాన్ కారుకు అసాధ్యము. మూడవవాడైన మొంటీరో కార్తికేయనుతో సమానమైన కారునే నడిపెను. వెనుకబడినవి రెండు మినార్డీ కార్లు. కాబట్టి ఆనాడు అదృష్టము తలుపు మాత్రమే తెరచినది. తప్పు చేయక, కారు చెడగొట్టుకొనక తుదివరకు నడిపించినది చోదకుని శ్రమయే.

పాఠకులు ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. పరుగుపందెమున కాళ్లు పరుగెత్తువానివే. కారు పందెమున ఇంజను ఒకరిది, టైర్లు మరియొకరివి, ధనము వేరొకరిది. అందుచేత పందెములో ఎన్నవ స్థానము వచ్చినదని మాత్రమే చూచి చోదకుని తూచుట న్యాయము కాదు. ఈ క్రీడ తెలిసినవారు వాడు కొలబద్ద వేరు: అదే కారును నడుపు సహచరునితో పోల్చుట. ఆ కొలతనుబట్టి చూడగా, 2005లో మొంటీరో ముందంజవేసెను. ఇండియానాపొలిస్ మూడవ స్థానమే కాక, అందరును పాల్గొనిన బెల్జియం పందెమునగూడ ఎనిమిదవవాడై మరియొక పాయింటు సంపాదించెను. కాని 2011 అక్టోబరు 30న మన దేశమున జరిగిన మొదటి ఫార్ములా వన్ పందెమున కార్తికేయన్ 17వ వాడుగాను, ఆయన సహచరుడు రికియార్డో 18వ వాడుగాను వచ్చిరి. ఆ రికియార్డో తరువాత ఎనిమిది పందెములు గెలిచిన మేటి. అయినను ఒక్కనాటి ఫలితముతో తీర్పు చెప్పరాదు. అది అనుకూలమైనప్పుడును అంతే, ప్రతికూలమైనప్పుడును అంతే.

జనాదరణయు సామర్థ్యమునకు కొలత కాదు. 2010లో అమెరికాలోని నాస్కార్ ట్రక్కు పందెములలో ఆయన పాల్గొనెను. ఒక్క పందెమునైనను గెలువకున్నను, అభిమానుల ఓట్లచే ఆ యేటి అత్యంత జనప్రియ చోదకుడుగా ఎన్నికయ్యెను. ఆ ప్రేమ నిజమైనదే. కాని అది వేగమును గూర్చిన సాక్ష్యము కాదు.

ఇక భవిష్యత్తు మాట. 2005లో ఫార్ములా వన్‌లో ఉన్న స్థానములు ప్రపంచమంతటికిని ఇరువదియే. ఫలితములతోపాటు పోషకుల ధనము, వయస్సు, ఆ సమయమున ఖాళీ ఏర్పడుట ఇవన్నియు కలసిరావలెను. 2005 తరువాత ఆయన విలియమ్స్ బృందమున పరీక్షా చోదకుడుగా మాత్రమే ఉండి, మరల పందెములకు వచ్చుటకు 2011 వరకు వేచియుండవలసి వచ్చినది. 2012తో ఆ అధ్యాయము ముగిసినది. ‘ఇక ఆయన పని అయిపోయినది’ అనిన వారెందరో. కాని ఆయన జపాను వెళ్లి అచ్చటి సూపర్ ఫార్ములా పందెములలో ఏండ్ల తరబడి పాల్గొనెను. 2019 నవంబరులో, నలువదిరెండేండ్లు నిండిన వయస్సున, ఫుజీ బాటపై ఒక గొప్ప పందెమును గెలిచెను. వృత్తి భవిష్యత్తు ఒకే మెట్లదారి కాదనుటకు ఇది నిదర్శనము.

ఇప్పటి యువకుల విషయమునను ఇదే వాదము. బెంగుళూరుకు చెందిన కుశ్ మైనీకి 2024లో హంగరీలో ఫార్ములా టూ విజయము దక్కినది, ముందు వచ్చినవాని గెలుపు రద్దగుటచేత. 2025లో మొనాకోలో గెలిచినప్పుడు ఆయన అందరికంటె ముందుండి బయలుదేరెను. కాని ఆ ముందుచోటు కాలపరీక్షలో పదవవాడైనవానిని మొదట నిలుపు నియమముచే వచ్చినది. అయినను ఆ ఇరుకు వీధులలో తుదివరకు ముందుండుట ఎవరును దానముగా ఇచ్చినది కాదు.

తల్లిదండ్రులారా! మన బిడ్డల మార్కుల పట్టికను చూచునప్పుడు మనమును ఈ అభిమానులవలెనే తొందరపడుదుము. మంచి మార్కులు వచ్చినచో ‘తేలికైన ప్రశ్నలు వచ్చినవి’ అని చిన్నబుచ్చుదుము. లేదా తక్కువ వచ్చినచో పొరుగింటి బిడ్డతో పోల్చి నిందింతుము. పొరుగింటి బిడ్డకు వేరే గది, దీపము, ఇంట చదువు చెప్పువారు ఉన్నారేమో! ఇంట ఒక భాష, వీధిలో మరియొక భాష, పాఠ్యపుస్తకమున ఇంకొక భాష గల మన బిడ్డ ఏ కారు నడుపుచున్నాడో చూడక అతని వేగమును తూచరాదు.

అందుచేత మూడు ప్రశ్నలు వేసికొనుట మేలు. బిడ్డకు మనమిచ్చిన సాధనములెట్టివి? అవే సాధనములు గలవారితో పోల్చినప్పుడు ఎట్లున్నాడు? ఒక్క పరీక్షలో కాక, ఏడాది పొడుగునను ఏ దిక్కుగా సాగుచున్నాడు? ఈ మూడింటికిని సమాధానము తెలిసిన పిమ్మట ప్రశంసయైనను, మందలింపైనను న్యాయముగానుండును. అదృష్టము ఎప్పుడు వచ్చునో మనము చెప్పజాలము. అది వచ్చిననాడు చక్రము గట్టిగా పట్టుకొని తప్పులేకుండ నడుపగల అభ్యాసమును బిడ్డకు కలిగించుట మాత్రము ఇంటికిని, బడికిని సాధ్యమైన పని.