యంత్రం వెనుక మనిషి

కర్మాగారంలో ప్రమాదం జరిగితే “యంత్రం చెడింది” అంటాము. కాని యంత్రాన్ని ఎప్పుడు నడపాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది మనుషులే. ఒక ఉదాహరణ చూద్దాము.

మన పూర్వులలో చాలామంది ఓడలెక్కి రంగూనుకు వచ్చింది తెలుగు తీరం నుండే. ఆ తీరంలోని విశాఖపట్నంలో, వెంకటాపురం పక్కన, ఎల్.జి. పాలిమర్స్ అనే కర్మాగారం ఉండేది. 2020 మే 7న తెల్లవారుజామున అక్కడి తొట్టి నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి, నిద్రలో ఉన్న ఊళ్లను కమ్ముకొన్నది. 12 మంది మరణించారు. వందలాది మంది ఆసుపత్రుల పాలైనారు.

స్టైరీన్ ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం. అది వేడెక్కితే దాని అణువులు గొలుసులా కలుస్తాయి. ఆ కలయికలో మరింత వేడి పుడుతుంది. ఆ వేడి కలయికను ఇంకా వేగిరపరుస్తుంది. అందుచేత స్టైరీనును ఎల్లప్పుడూ చల్లగా ఉంచాలి. కలయికను అడ్డుకొనే నిరోధక రసాయనాన్ని కలుపుతూ ఉండాలి.

ఆ రోజులలో కరోనా వ్యాధి వలన పనులు నిలిచిపోయాయి. కర్మాగారం మూతపడింది, తొట్టిలో స్టైరీన్ మాత్రం ఉండిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతాధికార సంఘం విచారణలో తేలిన విషయాలు ఇవి: చల్లబరిచే యంత్రాన్ని రాత్రిపూట ఆపివేసేవారు. ఉష్ణమాపకం తొట్టి అడుగున మాత్రమే ఉంది; పైభాగం కాగుతున్న సంగతి దానికి తెలియలేదు. నిరోధక రసాయనం చాలినంత లేదు. సైరన్ మోగించడానికి 36 చోట్ల మీటలున్నా, ఊరివారికి సైరన్ వినబడలేదు.

ఒక కాపుదల తప్పినా మరొకటి ఆదుకోవాలనే ఇన్ని ఏర్పాట్లు చేస్తారు. ఇక్కడ అన్నీ ఒకేసారి తప్పాయి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవానిని నిందించడం సులువు. కాని మాపకం ఎక్కడ అమర్చాలో, రసాయనం ఎప్పుడు తెప్పించాలో నిర్ణయించేది యాజమాన్యం. ఆ నిర్ణయాలను తనిఖీ చేయవలసింది ప్రభుత్వ అధికారులు. కాబట్టి ప్రమాదం ఒక రాత్రిలో పుట్టదు. చాలా రోజుల అలక్ష్యంలో పెరుగుతుంది.

రేపు మీలో కొందరు లైంగ్‌తాయా ఫ్యాక్టరీలలోనో, తిలవా రేవులోనో పనిచేయవచ్చు. అక్కడ చిన్న లోపం కనిపించినా వెంటనే పైవారికి చెప్పండి. మీరే పై అధికారులైతే, చెప్పినవానిని కసరక వినండి.

ఆలోచించండి:
1. తొట్టి అడుగున ఉన్న మాపకం ఎందుకు చాలలేదు?
2. మూతపడిన కర్మాగారానికి కూడా కాపలా ఎందుకు అవసరం?