సంస్థానం అంటే ఏమిటి?

బనగానపల్లె మామిడిపండు, గద్వాల చీర, వెంకటగిరి చీర - ఈ మూడూ తెలియని ఇల్లాలు మనలో ఎవరూ ఉండరు కదూ! ఈ మూడు ఊళ్ళ గురించీ పెద్దవాళ్ళు "ఒకప్పుడు అదొక సంస్థానం" అంటూ ఉంటారు. "సంస్థానమంటే ఏమిటమ్మా?" అని పిల్లలు అడిగితే మాత్రం, "రాజుగారుండే ఊరు" అని చెప్పి ఊరుకుంటాం. అది సగం జవాబే.

ఇది సంస్కృతం నుంచి వచ్చిన మాట. కుదురుగా నిలిచిన చోటు అని చెప్పుకోవచ్చు. 'సంస్థ' దీనికి దగ్గరి చుట్టం. వాడుకలో మాత్రం, రాజు ఉన్నా ఆ రాజుపైన మరో పెద్ద ప్రభువు కూడా ఉన్న సీమకు ఈ పేరు స్థిరపడింది. పైన ఎవరూ లేకపోతే అది రాజ్యం. అందుకే భూటాన్‌ను రాజ్యమంటాం గాని సంస్థానమనం. ఇక ఆస్థానం వేరు. అది రాజు కొలువుతీరే సభ.

ఇప్పుడు మన మూడు ఊళ్ళకు వద్దాం. బనగానపల్లె నవాబు నేరుగా ఇంగ్లీషువారికే లోబడి, తన సీమను తాను ఏలుకున్నాడు. చుట్టూ కర్నూలు జిల్లా, మధ్యలో ఈ చిన్న సంస్థానం! 1948లో అది మద్రాసు రాష్ట్రంలో కలిసింది. గద్వాల రాజులు కప్పం కట్టింది నిజాముకు. ఆ నిజాము ఇంగ్లీషువారికి లోబడినవాడు. అంటే సంస్థానంలో సంస్థానమన్నమాట! 1949లో జాగీర్ల రద్దుతో అదీ పోయింది. వెంకటగిరి రాజావారిది నిజానికి జమీందారీ. శిస్తు వసూలు ఆయనది, చట్టాలూ కోర్టులూ ఇంగ్లీషువారివి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో అది ముగిసింది. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం కూడా జమీందారీలే. గౌరవం కొద్దీ జనం సంస్థానాలన్నారు.

పేరులో ఏముంది అంటారా? ఉందండీ. మన అమ్మమ్మలు, తాతయ్యలు ఎవరికి పన్ను కట్టారో, అన్యాయం జరిగితే ఎవరి గడప తొక్కారో ఆ తేడాలోనే ఉంది. ఒకే మాటతో అన్నిటినీ కలిపేస్తే వాళ్ళ బతుకు మనకు సరిగా తెలియదు.

1971లో రాజభరణాలు కూడా రద్దయ్యాయి. మాట మాత్రం నిలిచింది. ఇంట్లో ఎవరైనా కూర్చున్న చోటినుంచే అన్నీ అందించమంటే, "సంస్థానాధీశుడిలా ఆ దర్జా ఏమిటి?" అంటాం కదా! ఈసారి పిల్లలు అడిగితే మాత్రం, "రాజు ఎవరు? ఆ రాజుపైన ఎవరు?" అని రెండు ప్రశ్నలూ వేసి చెప్పండి.