పొట్టి కారు, పట్టు లెక్క

జపాన్‌లోని షిజువోకా నగరానికి చెందిన టమియా కంపెనీ 1976లో పోర్షే 934 నమూనాను రేడియోతో నడిచే కారుగా తెచ్చింది. అది అసలు కారులో 12వ వంతు. అలాంటి కార్లను పరుగెత్తించాలంటే విశాలమైన స్థలం కావాలి. 1999లో మరో జపాన్ సంస్థ క్యోషో ‘మినీ-జడ్’ను విడుదల చేయడంతో రేసు గదిలోకి వచ్చేసింది. ఇది 28వ వంతు. టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్స్ నాలుగు, వెనక చక్రాలను తిప్పే చిన్న మోటారు, అరచేతిలో పట్టే చాసిస్. బొమ్మలా కనిపించే ఈ యంత్రాన్ని సరిగ్గా మలుపు తిప్పడం వెనక ఎంతో భౌతికశాస్త్రం ఉంది.

పొడవు 28వ వంతుకు తగ్గితే బరువు 28×28×28, అంటే 21,952వ వంతుకు తగ్గాలి. ఆ లెక్కన 1,300 కిలోల కారు 60 గ్రాములే తూగాలి. కానీ రీచార్జి సెల్సే దాదాపు 50 గ్రాములుంటాయి. కారు మొత్తం 150 గ్రాములు దాటుతుంది. తన సైజుకు మించిన బరువును నాలుగు చిన్న టైర్ల మీద మోస్తుందన్న మాట.

ఇంకో చిక్కు కాలానికి సంబంధించింది. కారు కుదించుకుపోయింది గానీ భూమ్యాకర్షణ తగ్గలేదు. ఒరగడానికి, పడడానికి పట్టే సమయం పొడవు వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది. 28కి వర్గమూలం సుమారు 5.3. పెద్ద కారు ఒక సెకనులో ఒరిగేంత ఇది సెకనులో అయిదో వంతు లోపే ఒరుగుతుంది. కంటితో చూసి వేలు కదపడానికి మనిషికీ సుమారు అంతే సమయం పడుతుంది. డ్రైవరు సర్దుకునేలోగా కారు గిర్రున తిరిగిపోతుంది. అందుకే నిలకడను ముందే కారులో అమర్చి పెట్టాలి. సెటప్ అంటే అదే.

మొదటి మెట్టు టైర్లు. వీటి రబ్బరు మెత్తదనాన్ని 20, 30, 40 వంటి అంకెలతో చెబుతారు. అంకె తగ్గేకొద్దీ రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ. నాలుగు చక్రాలకూ మెత్తటివే వేస్తే ముందు భాగం మలుపులోకి చటుక్కున తిరుగుతుంది, వెనక భాగం అదుపు తప్పుతుంది. కాబట్టి వెనక మెత్తటివి, ముందు కాస్త గట్టివి వేస్తారు. మలుపులో రిమ్ము నుంచి ఊడకుండా రెండువైపులా అంటుకునే టేపుతో టైరును బిగిస్తారు.

పట్టు మరీ ఎక్కువైనా ప్రమాదమే. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 60 మిల్లీమీటర్లు, గురుత్వ కేంద్రం ఎత్తు 20 మిల్లీమీటర్లు అనుకుందాం. వెడల్పులో సగాన్ని ఎత్తుతో భాగిస్తే 1.5 వస్తుంది. టైరు ఘర్షణ గుణకం అంతకు మించితే కారు జారదు, బోల్తా పడుతుంది. ఫోమ్ ట్రాక్ మీద మెత్తటి రబ్బరుకు ఈ ఇబ్బంది తరచూ వస్తుంది. అప్పుడు టైర్లను అరగదీసి కారును కిందికి దించుతారు. ముందు టైర్ల బయటి అంచుకు సూపర్ గ్లూ పూసి, కావాలనే అక్కడ పట్టు తగ్గిస్తారు.

ఇక చాసిస్. మోటారున్న వెనక భాగాన్ని ముందు భాగంతో కలిపేది ‘టి’ ఆకారంలోని పల్చటి ప్లేటు. వంగుతూ, మెలి తిరుగుతూ వెనక స్ప్రింగు పని చేసేది ఇదే. మెత్తటి ప్లేటు వేస్తే ఎగుడుదిగుడుల మీద వెనక చక్రాలు నేలను వదలవు. గట్టిది వేస్తే కారు చురుగ్గా స్పందిస్తుంది గానీ తప్పును క్షమించదు. ఈ ప్లేటు ఊగులాటను అదుపు చేయడానికి చిక్కటి గ్రీజు పూసిన డిస్కులుంటాయి. ముందు చక్రాల స్ప్రింగులు మెత్తనైతే మలుపు మొదట్లో బరువు ముందుకు వాలి స్టీరింగ్ పదునెక్కుతుంది.

ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడినవే. అందుకే అనుభవజ్ఞులు ఒకేసారి రెండు మార్పులు చేయరు. ఒకటి మార్చి, కొన్ని ల్యాపులు తిప్పి, సమయం రాసుకుని, ఆ తర్వాతే మరొకటి ముట్టుకుంటారు. ఒక్క ల్యాపు వేగంగా వచ్చినందుకు మురిసిపోరు. వరసగా వచ్చిన సమయాల మధ్య తేడా ఎంత తగ్గిందో చూస్తారు. కారు డ్రైవరు మాట వింటోందనడానికి ఆ నిలకడే రుజువు. ఘర్షణనూ గురుత్వ కేంద్రాన్నీ పాఠ్యపుస్తకంలో చదివిన పిల్లలకు ఈ పొట్టి కారును ఇచ్చి చూడండి. ఆ సూత్రాలను వాళ్లు స్క్రూడ్రైవరుతో పరీక్షించుకోగలుగుతారు.