చల్లని సీసాలోని లెక్క



హైదరాబాదులోని ఉస్మాన్‌గంజ్ హోల్‌సేల్ బజారులో పొద్దుగూకే వేళ మూటలు మోసిన హమాలీలు కూలి లెక్క చూసుకొంటారు. మా సంఘములోని ఒక సహోదరుడు ఈమధ్య అక్కడ కనబడి, "అయ్యగారూ, తాగుడు మానేసిన. ఇప్పుడు ఉత్త బీరే" అని సంతోషంగా చెప్పాడు. అతడు అబద్ధమాడలేదు. బీరు తాగుడు కాదని నిజంగానే నమ్ముతున్నాడు.

లెక్క చూద్దాం. 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో 5 శాతం ఆల్కహాలు ఉంటే అది 32 మిల్లీలీటర్లకు పైమాటే. 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది సుమారు 26. స్ట్రాంగ్ బీరు 8 శాతమైతే ఒక్క సీసాలో 52, అనగా రెండు పెగ్గులు!

మరి ఈ నమ్మకం ఎక్కడిది? నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన స్త్రీల పోరాటము వలన 1993లో సారా నిషేధమైంది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చింది, 1997లో ఎత్తివేశారు. సారా ప్యాకెట్టు పోయిన చోటికి రంగుల సీసా వచ్చింది. మద్యం ప్రకటనలను చట్టం ఒప్పుకోకపోయినా, అదే పేరు సోడా సీసాల మీద, క్రికెట్ ఆటలో కనబడుతుంది. చూసి చూసి అది మన ఇంటి వస్తువనిపిస్తుంది.

పాశ్చాత్య దేశాలలో బీరు అమ్మకము మునుపటిలా పెరగడం లేదు గనుక పెద్ద కంపెనీలు ఆసియా, ఆఫ్రికా దేశాల వైపు చూస్తున్నాయి. కింగ్‌ఫిషర్ తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ 2021లో నెదర్లాండ్స్ దేశపు హైనెకెన్ అధీనంలోకి వెళ్లింది. మన సంగారెడ్డి జిల్లాలోనే పెద్ద బీరు కర్మాగారాలున్నాయి. తెలంగాణలో కంపెనీలు తమ సరుకును ప్రభుత్వ కార్పొరేషనుకే అమ్మాలి. ధర పెంచలేదని, బకాయిలు రాలేదని 2025 జనవరిలో ఆ కంపెనీ సరఫరా ఆపింది. కొద్దిరోజులకే తిరిగి మొదలుపెట్టింది. ఫిబ్రవరిలో ప్రభుత్వము 15 శాతము ధర పెంచింది. కంపెనీ తన లెక్క చెప్పుకొంది, ప్రభుత్వము తన లెక్క చూసుకొంది. హమాలీ ఇంటి లెక్క ఎవరు చూశారు?

అది మనమే చూడాలి. తాగేవానిని తిట్టవద్దు, వెలివేయవద్దు. ప్రక్కన కూర్చోండి. ఒక సీసా ధరను ముప్పైతో హెచ్చించి కాగితం మీద వ్రాయండి. దాని ఎదుట పిల్లల ఫీజు, ఇంటి అద్దె వ్రాయండి.

ఆ సహోదరునితో నేను అలాగే చేశాను. అతడు కాగితం వైపు చాలాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకొన్నాడు. ఇంకా ఏమీ చెప్పలేదు. అతని కొరకు, ఇంటిలో అతని కొరకు ఎదురుచూసే తల్లీబిడ్డల కొరకు ప్రార్థించండి.